తుప్పు, ఫైబరు, వేడి: విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు విశాఖ తీరం వెంబడి ఉన్న ఇళ్లవి, పడవలవి. ఒకే ఇబ్బంది మీద రెండు మూడు ఉత్తరాలు వచ్చినచోట వాటిని కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీలో 18 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్. సముద్రం వైపు బాల్కనీ శ్లాబు అడుగున పెచ్చులు ఊడి చువ్వలు బయటపడ్డాయి. రెండేళ్ల కిందట మేస్త్రితో సిమెంటు పూయించాం. ఇప్పుడు ఆ పూత బాగానే ఉంది గానీ దాన్ని ఆనుకునే కొత్తగా పగిలింది. సిమెంటు నాసిరకమా?

జవాబు: సిమెంటుది తప్పు కాదు. పూత పక్కనే పగలడం ఈ తరహా రిపేరులో మామూలే. కాంక్రీటు లోపల పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. అంత క్షారంలో చువ్వ మీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలిలోని క్లోరైడు కాంక్రీటు సన్న రంధ్రాల గుండా లోపలికి దిగి, చువ్వ దగ్గర సిమెంటు బరువులో సుమారు 0.4 శాతానికి చేరితే ఆ పొర అక్కడక్కడ తెగుతుంది. తెగినచోట ఇనుము కరుగుతుంది. అది ఆనోడు. దాని అటూ ఇటూ ఉన్న చువ్వ కేథోడై, ఆ కరుగుతున్న ముక్క పుణ్యాన తాను క్షేమంగా ఉంటుంది. మేస్త్రి చెడిన చోటును మాత్రమే తవ్వి, ఉప్పులేని తాజా సిమెంటు పెట్టాడు. ఆనోడు పోయింది. చుట్టూ ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో ఉన్న చువ్వకు ఇన్నాళ్లూ దొరికిన రక్షణ కూడా దాంతోపాటే పోయింది. ఇప్పుడు అది కరగడం మొదలెట్టింది. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగలక తప్పదు.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. గోడలోంచి బయటికి చొచ్చుకొచ్చే బాల్కనీలో బరువు మోసే అసలు చువ్వలు శ్లాబు పైభాగంలో, టైల్స్ కింద ఉంటాయి. అడుగున మీకు కనిపిస్తున్నవి చాలాసార్లు తోడు చువ్వలే. అడుగున ఇంత తుప్పు ఉంటే పైన ఏముందో చూడకుండా రిపేరు మొదలెట్టకూడదు. గోడను ఆనుకుని టైల్స్ ఒక వరుస తీయించి, అక్కడి చువ్వను స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. పైచువ్వ తిన్న బాల్కనీ ముందుగా హెచ్చరించి కూలదు.

పని మొదలెట్టే ముందు బాల్కనీ కింద సపోర్టులు పెట్టించాలి. మీ అంతస్తు దాకా పెడితే చాలదు, కింది బాల్కనీలన్నిటికీ నేలదాకా వరుసగా ఉండాలి. తర్వాత చిన్న సుత్తితో శ్లాబు అంతా తట్టి, డొల్ల శబ్దం వచ్చిన మేర సుద్దతో గీయాలి. గీత వెంబడి కట్టరుతో 10 మి.మీ. లోతు కోసి, లోపలిది చెక్కేయాలి. చువ్వ సగం కనబడేలా చెక్కి వదిలేయడం మన దగ్గర పెద్ద లోపం. చువ్వ వెనక కూడా 20 నుంచి 25 మి.మీ. ఖాళీ రావాలి, తుప్పు లేని చువ్వ రెండు కొసలా కనీసం 50 మి.మీ. కనబడాలి. వైరు బ్రష్ చక్రంతో మెరిసేదాకా శుభ్రం చేసి వెర్నియర్‌తో కొలవండి. 8 మి.మీ. చువ్వ 7 మి.మీ.కి తగ్గిందంటే దాని బలంలో దాదాపు 23 శాతం పోయినట్టే. అలాంటిచోట పక్కన కొత్త చువ్వ వేసి కట్టాలి. ఎంత పొడవు ల్యాప్ (పాత, కొత్త చువ్వలు పక్కపక్కన కలిసి ఉండే మేర) ఇవ్వాలో ఇంజనీరు చెబుతారు, 8 మి.మీ. చువ్వకు సాధారణంగా 400 మి.మీ. దగ్గర్లో ఉంటుంది.

శుభ్రం చేసిన చువ్వకు జింకు ఎక్కువగా ఉన్న ఎపాక్సీ ప్రైమరు అదే పూట వేయించాలి. పొద్దున మెరిసిన చువ్వ బీచ్ దగ్గర సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది. నింపడానికి మామూలు ఇసక, సిమెంటు వద్దు. పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టార్ వాడి, సంచి మీద రాసిన మందానికి మించకుండా పొరలుగా వేసి, తడిపి ఉంచాలి. పూత అంచుల్లో పాత కాంక్రీటు వైపు చువ్వలకు చిన్న జింకు ఆనోడ్లు కట్టే పద్ధతి ఉంది. పక్కనే కొత్త పగులు రాకుండా చేసేది ఇదే. ఖర్చు ఎక్కువనిపిస్తుంది గానీ రెండేళ్లకోసారి సపోర్టులు పెట్టించే ఖర్చుతో పోల్చి చూడండి. చివరగా బాల్కనీ పైన వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు బయటికి జారే వాలు, అంచు అడుగున నీటిచుక్క తెగిపడే గాడి.

మేస్త్రి గులాబీ రంగుకు తిరిగే మందు చల్లి ‘లోపల కాంక్రీటు మంచిదే’ అంటే పూర్తిగా నమ్మొద్దు. ఆ మందు ఫినాఫ్తలీన్, అది కాంక్రీటులో క్షారం మిగిలిందో లేదో చెబుతుంది, ఉప్పు సంగతి చెప్పదు. ఉప్పుకు వేర్వేరు లోతుల్లో డ్రిల్లు పొడి తీసి ల్యాబుకు పంపాలి.

కొత్తగా కట్టుకునేవారికి: కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 తీరప్రాంతపు గాలికి తగిలే కాంక్రీటును ‘తీవ్ర’ వర్గంలో పెట్టింది. చువ్వ మీద 45 మి.మీ. కవర్ (చువ్వను కప్పే కాంక్రీటు మందం), కనీసం ఎం30 కాంక్రీటు, నీళ్లు, సిమెంటు నిష్పత్తి 0.45కు మించకూడదు. సెంటరింగ్ మీద 20 మి.మీ. కవర్ బ్లాకులు కనిపిస్తే పోత ఆపించండి.

ప్రశ్న: ఓడలకు తుప్పు పట్టకుండా జింకు దిమ్మలు బిగిస్తారని విన్నాను. భీమిలిలో మా ఇంటి ఇనుప గేటుకు ఏటా పెయింటు వేయించినా నిలవడం లేదు. గేటుకూ ఒక జింకు దిమ్మ వెల్డింగ్ చేయిస్తే?

జవాబు: పని చేయదు. జింకు ఇనుమును కాపాడాలంటే రెండింటినీ లోహం కలపాలి, నీళ్లూ కలపాలి. సముద్రంలో ఓడ చుట్టూ ఉప్పునీళ్లే కనుక ఒక దిమ్మ నుంచి రక్షణ మీటర్ల దూరం పోతుంది. గేటు మీద ఉండేది పల్చటి తేమ పొర. అందులో జింకు ప్రభావం కొద్ది మిల్లీమీటర్లకు మించదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కించిన కుర్సుర సబ్‌మెరైన్ విషయమూ అంతే. నీళ్లలో ఉన్నన్నాళ్లూ జింకు దిమ్మలు పనికొస్తాయి, గట్టు మీద పెయింటే దిక్కు. గేటుకు జింకు కావాలంటే ఒంటినిండా ఉండాలి, అంటే హాట్ డిప్ గాల్వనైజింగ్, కరిగిన జింకులో ముంచి తీయడం.

6 మి.మీ., ఆపైన మందం ఉన్న ఇనుముకు హాట్ డిప్‌లో సగటున 85 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జింకు పడుతుంది. సముద్రం ఒడ్డు గాలిలో జింకు ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు తరుగుతుందనుకుంటే, పదేళ్ల పైమాటే. పల్చటి గొట్టాలకు పూత తక్కువ పడుతుంది, లెక్క ఆ మేరకు తగ్గించుకోండి. బజారులో ‘జీఐ’ అని అమ్మే ఎలక్ట్రోప్లేటింగ్ బోల్టుల మీద ఉండేది 10 మైక్రాన్లకు అటూ ఇటూ. రెండేళ్లు నిలిస్తే గొప్ప.

డిప్ చేయించేముందు వెల్డింగులన్నీ పూర్తికావాలి. గాల్వనైజ్ అయ్యాక వెల్డింగ్ చేస్తే అక్కడ జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. ప్రతి గొట్టానికీ గాలి పోయే రంధ్రాలు ఉండాలి. కొసలు మూసిన గొట్టం 450 డిగ్రీల జింకు తొట్టిలో పేలుతుంది. ఆ రంధ్రాలే తర్వాత నీళ్లు బయటికి పోయే దారులు. మీ పాత గేటు అడుగు గొట్టాన్ని సుత్తితో కొట్టి చూడండి, లోపల నీళ్లు నిలిచి లోపలినుంచే తిని ఉండొచ్చు. అలాంటిదానికి పైన ఎన్ని కోట్లు వేసినా దండగ.

డిప్ కుదరకపోతే పెయింటే. అయితే వరస మార్చండి. ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించాలి, ఆరాక తుప్పు గీకాలి. పెయింటర్లు ఈ కడుగుడు ఎగ్గొడతారు. ఉప్పు మీద వేసిన పెయింటు కింద తేమ చేరి బుడగలు లేస్తాయి. రెడాక్సైడ్ రెండు కోట్లు కలిపినా 60 మైక్రాన్లు దాటదు. బీచ్ దగ్గర జింకు ఎపాక్సీ ప్రైమరు, మధ్యలో ఎపాక్సీ, పైన పాలీయురేథేన్ కలిపి 200 మైక్రాన్లకు పైగా కావాలి. వెల్డింగు గీతలకు, పదునైన అంచులకు ముందుగా బ్రష్‌తో ఒక కోటు విడిగా వేయించండి. అంచు మీద పెయింటు తనంతట తాను పల్చబడుతుంది.

ప్రశ్న: రుషికొండలో మా మేడ రెయిలింగ్ స్టెయిన్‌లెస్ స్టీలు. ఆర్నెల్లకే గోధుమరంగు మరకలు. షాపతను అయస్కాంతం అంటించి చూపించి ‘చూడండి, అంటుకోలేదు, అసలు సరుకే’ అన్నాడు.

జవాబు: అయస్కాంతం ఇక్కడ సాక్ష్యం కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడుల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 202కూ అది అంటుకోదు, 304కూ అంటుకోదు. వంచినచోట కొంచెం లాగితే అది కల్తీ అనీ కాదు. తేల్చుకోవాలంటే పీఎంఐ గన్‌తో (లోహంలో ఏ మూలకం ఎంతుందో చూపే పరికరం) మూలకాలు చదివించడం ఒక్కటే నమ్మదగ్గ మార్గం. బజారులో దొరికే పరీక్ష చుక్కలు 202ను పట్టిస్తాయి గానీ, 316 అవునో కాదో తెలియాలంటే మాలిబ్డినం చుక్కలు వేరే ఉంటాయి.

నిజమైన 304 అయినా మీకు ఎదురుగా సముద్రం కనబడుతుంటే మరక పడుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 అయితే బాగా తట్టుకుంటుంది. మెరుపు పాలిష్ ఉన్నది గీతల ఫినిష్ కన్నా మేలు, ఆ గీతల్లోనే ఉప్పు నిలుస్తుంది. గమనించారో లేదో, వాన తగిలే పైభాగం కన్నా వాన తగలని అడుగు భాగమే ఎక్కువ మచ్చపడుతుంది. కడిగేవాళ్లు లేక. వారానికోసారి మంచినీళ్లతో తుడిస్తే సగం సమస్య తీరుతుంది. ఉన్న మరకలకు సిట్రిక్ యాసిడ్ ఉన్న క్లీనరు, నైలాన్ స్క్రబ్బరు వాడండి. ఇనుప పీచు వద్దు, అది వదిలే ఇనుప రజనే కొత్త మచ్చలకు విత్తనం. టైల్స్ కడిగే యాసిడ్ అసలు దగ్గరికి రానివ్వొద్దు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, దాని ఆవిరి తగిలినా గుంటలు పడతాయి. వెల్డింగ్ పక్కన నీలం, గోధుమ చారలు అలాగే వదిలేసి ఉంటే ఆ పని చేసినవాళ్లనే పిలిచి పికిలింగ్ పేస్టుతో తీయించండి. మీరు ముట్టుకోవద్దు, అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో మూడేళ్ల ఏసీ. బయటి యూనిట్ రెక్కలు తెల్లటి పొడై రాలుతున్నాయి, చల్లదనం తగ్గింది.

జవాబు: రాగి గొట్టం, దాన్ని పట్టుకున్న అల్యూమినియం రెక్క, మధ్యలో ఉప్పు తేమ. ఈ జోడీలో అల్యూమినియమే బలి. రెక్క గొట్టాన్ని ఆనుకునే చోట తినడంతో వేడి బయటికి పోయే దారి తెగి కంప్రెసరు మీద భారం పడుతుంది. రాలిపోయిన కాయిల్‌కు మార్చడమే మందు. కొత్తది కొన్నాక నెలకోసారి కరెంటు తీసేసి, మంచినీళ్లను తక్కువ ఒత్తిడితో రెక్కల నిలువునా పట్టి కడగండి. యాసిడ్ వాష్‌కు ఒప్పుకోవద్దు. ఫ్యాక్టరీలోనే పూత వేసిన కాయిల్ అడగండి. ఇంటి దగ్గర స్ప్రే చేసే పూత రెక్కల మధ్య లోతుకు చేరదు.

ప్రశ్న: మాది పెదజాలారిపేట. మా ఫైబరు తెప్ప అడుగు ఇసకలో ఈడ్చి ఈడ్చి అరిగిపోయింది, మ్యాట్ (గాజుపోగుల పరుపు) పోగులు కనిపిస్తున్నాయి. అరిగినచోట ముక్క అతికించాం, నెలకే లేచిపోయింది. ఇంజను బిగించే వెనక చెక్క కూడా మెత్తబడింది. హార్డెనర్ తక్కువేశామంటున్నారు, నిజమేనా?

జవాబు: హార్డెనర్ కూడా ఒక కారణం కావచ్చు. కానీ ముక్క మొత్తంగా ఊడి వచ్చిందంటే అసలు లోపం కింది తలంలో ఉంది. గట్టిపడిపోయిన పాత పాలియెస్టర్ కొత్త రెసిన్‌తో ఏకం కాదు, గరుకు తలాన్ని పట్టుకుని మాత్రమే నిలుస్తుంది. జెల్ కోటు (పైనుండే నున్నటి రంగు పొర) మీద, ఉప్పు మీద, తడి పోగుల మీద వేస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పోగులు బయటపడ్డాయంటే అవి వత్తిలా నీళ్లు పీలుస్తూ పోయాయి. పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది.

తెప్పను బోర్లించి నీడన పెట్టి, మంచినీళ్లతో రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ కడగండి. ఉప్పు మిగిలితే అది గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది. దెబ్బతిన్న పొర గ్రైండరుతో తీసేశాక ఆరబెట్టాలి. ఆరిందో లేదో తెలియడానికి ఒక చదరపు అడుగు పాలిథీన్ కాగితం అక్కడ పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. ఒక రోజు ఎండలో ఉంచాక లోపల ఆవిరి చుక్కలు కట్టాయా, ఇంకా ఆరాలి. వానాకాలంలో కప్పు కింద తప్ప ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత 24 లేదా 36 నంబరు డిస్కుతో అంచులు వాలుగా గీకాలి. మందం ఎంతో దానికి 12 రెట్లు వాలు. 6 మి.మీ. గోడ అయితే గుంట చుట్టూ 72 మి.మీ. నిటారు గుంటలో పెట్టిన ముక్క మూతలా లేచి వస్తుంది, వాలులో వేసింది పరుచుకుని పట్టుకుంటుంది. దుమ్ము దులిపి, శుభ్రమైన గుడ్డను అసిటోన్‌తో తడిపి తుడవండి. పెట్రోలు వద్దు, దాని జిడ్డు మిగులుతుంది.

చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ ఒక పొర సుమారు 1 మి.మీ. అవుతుంది. 6 మి.మీ.కి ఆరు పొరలు. కిలో మ్యాట్‌కు రెండు నుంచి రెండున్నర కిలోల రెసిన్, అంటే చదరపు మీటరు పొరకు సుమారు కిలో. రెసిన్ ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసుతనం వస్తుంది. తెల్లగా కనిపించే చోటల్లా రోలరుతో గాలి తీయండి. ఒక్కసారికి మూడు పొరలు మించొద్దు. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి మందంలో చిక్కుకుని పొరలు మాడి పగులుతాయి. మూడు వేసి, చల్లారాక పైతలం గీకి, మిగతా మూడు.

హార్డెనర్ కిలో రెసిన్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మే నెల ఎండలో 10 చాలు. త్వరగా బిగుస్తోందని 10 కన్నా తగ్గిస్తే ఎన్నాళ్లైనా లోపల మెత్తగానే ఉండిపోతుంది. వేడికి మందు తగ్గించడం కాదు, కలిపే మొత్తం తగ్గించండి: అరకిలో చొప్పున, పొద్దున ఎనిమిదిలోపు. కొలిచే సిరంజీ వాడండి, మూతతో అంచనా వేయొద్దు. కోబాల్టు (రెసిన్ త్వరగా బిగుసుకునేలా చేసే మందు) విడిగా కొన్నట్టయితే ముందు అది రెసిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డెనర్. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మంట లేస్తుంది, పేలుతుంది. రెండు సీసాలూ ఒకే పెట్టెలో పెట్టొద్దు. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. పడితే అక్కడే పదిహేను నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండి, ఆ తర్వాత ఆసుపత్రికి.

చివరి పొర జిగటగా ఉంటే భయపడక్కర్లేదు. గాలి తగిలిన పాలియెస్టర్ పైన అలాగే ఉంటుంది. చివరి కోటులో మైనం కలిపిన రెసిన్ వాడండి, లేదా పాలిథీన్ పరిచి రోలరు తిప్పండి. నీళ్లలోకి దించేముందు కనీసం మూడు రోజులు ఆగండి.

ఎపాక్సీ బాగా అతుకుతుందని ఎవరైనా చెబితే అది నిజమే. కాకపోతే మామూలు మ్యాట్ ఎపాక్సీతో సరిగా తడవదు, దాని పోగుల్ని పట్టి ఉంచే బైండరు స్టైరీన్‌కే కరుగుతుంది. ఎపాక్సీ అయితే నేసిన గుడ్డ తీసుకోవాలి. ఒకసారి ఎపాక్సీ వేసినచోట తర్వాత పాలియెస్టర్ నిలవదని కూడా గుర్తుంచుకోండి.

వెనక చెక్క సంగతి వేరు. నీళ్లు బోల్టు రంధ్రాల గుండా దూరి ప్లైవుడ్‌ను కుళ్లబెట్టాయి. పైన ఫైబరు వేస్తే తడి లోపలే బందీ అవుతుంది. లోపలివైపు పొర కోసి, కుళ్లిన చెక్క పూర్తిగా తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై పెట్టి మళ్లీ కప్పాలి. కొత్త రంధ్రాలను బోల్టు కన్నా 6 మి.మీ. పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో బోల్టు సైజుకు తొలవండి. ఇక బోల్టు పక్క ఎపాక్సీయే ఉంటుంది, చెక్క ఉండదు. బోల్టులు 316వే తీసుకోండి. అవి కూడా గాలాడని తడి చెక్కలో ఇరుక్కుంటే తింటాయి. పాత బోల్టు తల మెరుస్తున్నా నడుము సన్నబడిందేమో తీసి చూడండి.

ప్రశ్న: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతున్నాం. డ్రోన్ చట్రంలో కార్బన్ ఫైబర్ గొట్టాలను అల్యూమినియం జాయింట్లలో ఎపాక్సీతో అతికించాం. బీచ్‌లో ఎండలో రెండు వారాలు పరీక్షించాక రెండు జాయింట్లు వదులయ్యాయి, అంచుల్లో తెల్లటి పొడి. ఇది వేడి వల్లనా, తుప్పు వల్లనా?

జవాబు: రెండూ, ఒకదానికొకటి తోడై. అల్యూమినియం మీటరుకు డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. కార్బన్ పోగుల వెంబడి దాదాపు సున్నా, ఒక్కోసారి కాస్త కుంచించుకుంటుంది కూడా. 50 మి.మీ. పొడవు జాయింటు 30 నుంచి 70 డిగ్రీలకు పోతే తేడా సుమారు 46 మైక్రాన్లు. చిన్నదే గానీ జిగురు పొర 50 మైక్రాన్లే ఉంటే దానికి ఆ సాగుడు భరించలేనిది. పొర 0.2 నుంచి 0.5 మి.మీ. ఉండాలి. గట్టి పెళుసు జిగురు కన్నా రబ్బరు కలిపిన టఫెన్డ్ రకం నయం.

గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీకి మెత్తబడే ఉష్ణోగ్రత 50, 60 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నల్లటి చట్రం ఎండలో దాన్ని దాటేస్తుంది, తేమ పీల్చిన ఎపాక్సీ ఇంకా ముందే మెత్తబడుతుంది. డేటా షీటులో పోస్ట్ క్యూర్ (గట్టిపడ్డాక మళ్లీ వేడిలో ఉంచడం) చెప్పి ఉంటే తప్పక చేయండి. జాయింటును ఫిక్చరులో బిగించి, ఉష్ణోగ్రతను మెల్లగా ఎక్కించి, మెల్లగా దించాలి.

తెల్ల పొడి అల్యూమినియం తుప్పు. కార్బన్ విద్యుత్తును పారనిస్తుంది, బంగారం, ప్లాటినంలాంటి ఉత్తమ లోహాల పక్కన నిలుస్తుంది. ఉప్పు తేమలో తనను తాకిన అల్యూమినియాన్ని అది తినేయిస్తుంది. వేడికి జిగురు అంచు చీలింది, ఆ చీలికలో ఉప్పు తేమ దూరింది, లోపల పుట్టిన పొడి ఉబ్బి చీలికను ఇంకా తెరిచింది. జిగురు మార్చినంత మాత్రాన పోదు, ఆ రెండూ తాకకూడదు. గొట్టం కొసకు, జాయింటులో దూరే మేర, పల్చటి గాజుగుడ్డ ఒక పొర ఎపాక్సీతో చుట్టి గట్టిపడనివ్వండి. అది జిగురు మందాన్ని కూడా కాపాడుతుంది. గొట్టం కోసిన కొసలకు ఎపాక్సీ పూయండి, పోగులు తెరుచుకుని ఉండేది అక్కడే. జాయింటును యానడైజ్ (అల్యూమినియం మీద గట్టి ఆక్సైడు పూత) చేయించుకోవడం మంచిది. కుదరకపోతే జిడ్డు తీసి, గరుకు కాగితం పట్టి, గంటలోపు అతికించండి. స్క్రూలు టైటానియం లేదా 316, ప్లాస్టిక్ బుష్‌తో.

అతికించాక మల్టీమీటరు ఒక ముల్లు అల్యూమినియానికి, రెండోది గొట్టం అవతలి కొసన గరుకు కాగితంతో రుద్దిన కార్బన్‌కు పెట్టండి. యానడైజ్ చేసిన జాయింటు అయితే దాన్నీ కనబడనిచోట ఒక చుక్క మేర గీకి ముల్లు ఆనించండి, లేకపోతే పూత మీద చదివి మోసపోతారు. ఓపెన్ (కరెంటు దారి లేదని) చూపించాలి. ఓమ్స్ ఏమైనా చూపిస్తే గాజు పొర ఎక్కడో తెగింది, ఆ జాయింటు విప్పి మళ్లీ కట్టండి.